మా వీధి బొమ్మకు ఒక బీరువా కావాలి: తిరుపతి జిల్లా కలెక్టర్ గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన తిరుపతి జిల్లా కలెక్టర్ గారికి నమస్కారాలు.

నేను ప్రభుత్వ ఉన్నత పాఠశాలల్లో ముప్పై రెండేళ్లు డ్రాయింగ్ ఉపాధ్యాయుడిగా పనిచేసి విశ్రాంతి తీసుకున్నవాణ్ణి. గోవిందరాజస్వామి గుడి వెనక సందులో పుట్టాను, ఇప్పటికీ అక్కడే ఉంటున్నాను. ఆర్కిటెక్చరు, డిజైను చదివే విద్యార్థులు మన ఊళ్ల మీద చేసే ప్రాజెక్టులు వాళ్ల చదువు ముగిశాక ఏమవుతున్నాయో మీ దృష్టికి తెచ్చి, వాటి కోసం జిల్లాలో ఒక చోటు చూపమని అడగడానికి ఈ లేఖ రాస్తున్నాను.

కొన్నేళ్ల కిందట ఒక ఆర్కిటెక్చర్ కళాశాల నుంచి ఐదుగురు పిల్లలు మా సందుకు వచ్చారు. వాళ్లు మొదటి ఇంటి గోడకు టేపు ఆనించగానే సందులోని తలుపులన్నీ తెరుచుకున్నాయి. రోడ్డు వెడల్పు చేయడానికి మార్కింగుకు వచ్చారని అందరూ భయపడ్డారు. "మా ఇల్లు ఎన్ని అడుగులు పోతుంది నాయనా?" అని ఎదురింటి అవ్వ వాళ్లను అడిగింది. తాము వచ్చింది చదువు పని మీదనీ, ఎవరి ఇంటికీ ముప్పు లేదనీ నచ్చజెప్పడానికే వాళ్లకు ఒక పూట పట్టింది. అవ్వ ఇచ్చిన మజ్జిగ తాగిన తరువాతే కొలతలు మొదలయ్యాయి.

అప్పటికి మాది పాత మిద్దె. దూలాల మీద దంతెలు పేర్చి, వాటి మీద ఇటుకలు పరిచి, సున్నం వేసి దిమ్మిస కొట్టిన కప్పు. వాకిలికి రెండు పక్కలా రాతి తిన్నెలుండేవి. కుడిపక్క తిన్నె మీద పులిజూదం గీతలు చెక్కి ఉండేవి. ఎవరు చెక్కించారో మా నాయనకు కూడా తెలియదు. ఆ పిల్లల్లో ఒక అమ్మాయి రాతి మీద పలుచని ట్రేసింగ్ కాగితం పరిచి, పెన్సిలు పక్కవాటుగా రుద్దుతూ, ఆటలోని ఇరవై మూడు కూడళ్లనూ కాగితం మీదికి తెచ్చింది. ఒక మూల గీత పడకుండా తెల్లగా మిగిలింది. అక్కడ రాయి ఎందుకు అంతగా అరిగిందని నన్ను అడిగింది. అది మా తాత కూర్చుని, మూడు పులులతో పదిహేను మేకలను తరుముతూ అరచెయ్యి ఆనించే చోటు.

మరునాటి నుంచి ఆ అమ్మాయి తెల్లవారుజామున, మధ్యాహ్నం, సాయంత్రం వచ్చి ఆ తిన్నె మీద ఎవరెవరు కూర్చుంటున్నారో రాసుకున్నది. పాలాయన సైకిలు ఆనించే చోటు, పూలు కట్టే ఇద్దరు ఆడవాళ్లు కూర్చునే చోటు, సాయంత్రం ఆట చూడడానికి ముసలివాళ్లు చేరే చోటు, గంగ జాతర రోజుల్లో వేషం వస్తుందని హారతి పళ్లెంతో ఎదురుచూసే చోటు, అన్నీ ఒకే షీటులో రంగు చుక్కలతో గుర్తించింది. తిన్నె ఎత్తు పంతొమ్మిది అంగుళాలు. ఆ ఎత్తున కూర్చున్న పెద్దవాళ్ల కళ్లూ, వీధిలో నడిచే ఎనిమిదేళ్ల పిల్లల కళ్లూ ఒకే మట్టంలో ఉంటాయని ఆమె నిలువుకోత బొమ్మ గీసి చూపించినప్పుడు, ముప్పై రెండేళ్లు డ్రాయింగ్ చెప్పిన నాకు ఆ సంగతి అంతవరకూ తట్టనే లేదని ఒప్పుకున్నాను.

ఆ ఏడాది చివర వాళ్లు సమర్పించిన ప్రాజెక్టు, మా సందు చివరి ఖాళీ జాగాలో వీధివాళ్లందరికీ ఒక కూడలి మండపం. దానికి శిఖరం లేదు, ఆర్చి లేదు. పంతొమ్మిది అంగుళాల ఎత్తున ఒక పొడవాటి తిన్నె వేపచెట్టు చుట్టూ తిరిగి, ఒకచోట నీడకు వెడల్పై, ఇంకొకచోట పిల్లలు దూకడానికి మెట్టుగా దిగి, వీధిలోకి వచ్చి ఆగుతుంది. రూపం ఎక్కడ నుంచి పుట్టాలో ఆ పిల్లలకు తెలుసు. ఇలాంటి ప్రాజెక్టులన్నీ ఇంత బాగుంటాయని నేను అనను. బస్సు షెల్టరు మీద గోపురం కలశాన్ని అతికించి, దానికి జ్ఞాపకం అని పేరు పెట్టిన మోడళ్లను కూడా చూశాను. ఎవరి జ్ఞాపకమో అడగకుండా గీసిన గీతకు అలంకారం తప్ప వేరే విలువ ఉండదు. మా సందుకు వచ్చిన పిల్లలు అడిగారు, విన్నారు, కొలిచారు, ఆ తరువాతే గీశారు.

మూడేళ్ల తరువాత అన్నదమ్ముల పంపకాలలో మా మిద్దెను కూల్చి, కింద బండ్లు నిలుపుకునేటట్లు స్తంభాల మీద మూడంతస్తులు కట్టుకున్నాం. మా అవసరం అలాంటిది, ఆ నిర్ణయంలో నేనూ ఉన్నాను. ఆ ఇంటి బొమ్మను మనవరాలికి చూపిద్దామని ఆ కళాశాలకు వెళితే, గది అవసరమై పాత షీట్లనూ మోడళ్లనూ తీసేశామనీ, మార్కులు వేశాక వాటిని దాచే ఏర్పాటు ఏదీ లేదనీ అక్కడివారు మర్యాదగానే చెప్పారు. ఆ అమ్మాయి ఇప్పుడు బెంగళూరులో ఉద్యోగం చేస్తున్నది. ఫైళ్లున్న ల్యాప్‌టాప్ చెడిపోయిందని చెప్పి, ఫోనులో మిగిలిన ఒక ఫోటోను పంపింది. అందులో షీటు సగమే కనిపిస్తుంది, మా తాత మూల ఆ సగంలో లేదు.

ఇది ఒక ఇంటి సంగతే అయితే నేను మీకు రాసేవాణ్ణి కాదు. ఆర్కిటెక్చరు ఐదేళ్ల చదువు. అందులో కనీసం ఒక ప్రాజెక్టుకైనా విద్యార్థులు ఏదో ఒక ఊరికి వెళ్లి, పాత కట్టడాలనూ వీధులనూ కొలిచి గీస్తారు. చివరి ఏడాది థీసిస్ కోసం నెలల తరబడి ఒకే చోటును పట్టుకుని పనిచేస్తారు. ఇంత పని ఏటా మన కళ్ల ముందే తయారై, నిపుణులు చూసి మార్కులు వేసే జ్యూరీ ముగిసిన మరునాడు పాత కాగితాల కట్టలోకి పోతున్నది.

చంద్రగిరి రాజమహలుకు, గుడిమల్లం గుడికి కేంద్ర పురావస్తు శాఖ కాపలా ఉంది. తిన్నెకూ, సందుకూ, బావిగట్టుకూ అలాంటి దిక్కు లేదు. దిక్కున్నవి కూడా ఎల్లకాలం నిలవవని మన జిల్లావాళ్లకు ఒకరు చెప్పనక్కరలేదు. 1516లో శ్రీకృష్ణదేవరాయలు కట్టించిన శ్రీకాళహస్తి రాజగోపురం 2010 మే 26న కూలిపోయింది. అదే చోట కొత్త గోపురం లేచి, 2017 జనవరిలో కుంభాభిషేకం జరిగింది. గోపురం కాబట్టి మళ్లీ లేచింది. తిరుమలలో 15వ శతాబ్దం నాటి వెయ్యికాళ్ల మండపాన్ని 2003లో తొలగించారు. మాడవీధుల విస్తరణలో కొండ మీద తరతరాలుగా కాపురమున్న కుటుంబాలు కిందికి దిగివచ్చాయి. ఆ ఇళ్ల వాకిళ్లు ఏ దిక్కున ఉండేవో, ఏ మెట్టు మీద నుంచి రథం కనిపించేదో చెప్పగలిగిన పెద్దవాళ్లు ఇంకా తిరుపతిలో ఉన్నారు. వాళ్ల పక్కన కూర్చుని, వాళ్లు చెబుతూ ఉంటే పటం గీయగల విద్యార్థులూ ఉన్నారు. ఆ ఇద్దరినీ కలిపే పనికి మనకు ఎక్కువ సమయం లేదు.

రాళ్లు, గోడలు మాత్రమే రూపాలని నేను అనుకోవడం లేదు. తాతయ్యగుంట గంగమ్మ జాతరలో చివరి రాత్రి గుడి ముందు మట్టితో అమ్మవారి విశ్వరూపాన్ని నిలబెట్టి, తెల్లవారుజామున చెంప నరికి తొలగిస్తారు. ఆ మట్టి కోసం జనం ఎగబడి, చిటికెడు దొరికినా ఇంటికి తీసుకుపోయి దాచుకుంటారు. మన పల్లెల్లో ధర్మరాజు గుళ్ల దగ్గర భారతం జరిగినప్పుడు మైదానంలో పడుకోబెట్టే మట్టి దుర్యోధనుడు కూడా వధ రోజు వరకే ఉంటాడు. ఆ బొమ్మలు నిలవవలసినవి కావు. తొడ ఎంత పొడవుండాలి, జనం ఎటువైపు నిలబడాలి, భీముడి వేషధారి ఎటునుంచి రావాలి అనే లెక్కంతా చేసేవాళ్ల చేతుల్లో ఉంటుంది. దాన్ని చూసి గీసిపెట్టే పనిని మన విద్యార్థులు చక్కగా చేయగలరు.

ఒక ప్రదర్శనలో చూసిన ప్రాజెక్టు ఒకటి చెబుతాను. శ్రీకాళహస్తి కలంకారీలో బట్టను కరక్కాయ, పాలు కలిపిన నీళ్లలో ముంచి ఆరబెడతారు. తుప్పు ఇనుము, బెల్లం నీళ్లలో పులియబెట్టిన కసిమిని కలంతో దాని మీద పెడితే గీత నల్లబడుతుంది. ఆ తరువాత ఒక్కొక్క రంగుకూ పారే నీళ్లలో ఉతకాలి. స్వర్ణముఖిలో ఏడాదిలో చాలా నెలలు నీళ్లు పారవు. ఒక విద్యార్థి పనివాళ్ల ఇళ్ల మధ్య ఉమ్మడి ఉతుకుడు తొట్ల వరుసను గీశాడు. వాడిన నీళ్లు ఇసుక, బొగ్గు పొరల గుండా వడగట్టి మళ్లీ మొదటి తొట్టికి వస్తాయి. తొట్టి గట్టు ఎత్తును, వంగి ఉతికే ఆడవాళ్ల నడుమును కొలిచి నిర్ణయించాడు. వాళ్లు గతంలో ఏటి దగ్గర మాట్లాడుకుంటూ ఉతికే వరుసను చెదరనివ్వకుండా తొట్లను ఎదురెదురుగా పెట్టాడు. ఆ షీట్లు ఇప్పుడు ఎక్కడున్నాయో ఆ ఇళ్లవాళ్లకు తెలియదు. ఆ ఊళ్లోనే 1957లో ప్రభుత్వం కలంకారీ శిక్షణ కేంద్రం పెట్టబట్టే అంతరించబోయిన విద్య తరువాతి తరానికి అందింది. ఆ పరంపరలోని జొన్నలగడ్డ గురప్పశెట్టి గారికి 2008లో పద్మశ్రీ వచ్చింది. సర్కారు ఒక చిన్న గది చూపితే ఎంత జరుగుతుందో మన జిల్లాలోనే రుజువైంది.

అందువల్ల నా విన్నపం ఇది. జిల్లా కేంద్రంలోని ప్రభుత్వ గ్రంథాలయంలోనో, మీకు తగునని తోచిన మరొక భవనంలోనో, మన జిల్లాలోని ఊళ్ల మీద విద్యార్థులు చేసిన ప్రాజెక్టులకు ఒక గది, పెద్ద షీట్లు మడత పడకుండా పెట్టుకునే బీరువాలు, స్కాన్ చేసిన ప్రతులు దాచే ఒక కంప్యూటరు ఏర్పాటు చేయించండి. ఇక్కడ కొలతలు తీసుకునే కళాశాలలకు మీ కార్యాలయం నుంచి అనుమతి పత్రం ఇచ్చి, పని ముగిశాక ఒక ప్రతిని ఆ గదికి అప్పగించాలని అందులోనే షరతు పెట్టండి. ఆ పత్రం విద్యార్థుల చేతిలో ఉంటే ఎదురింటి అవ్వకు భయపడవలసిన పని ఉండదు. నిజంగానే రోడ్డు వెడల్పు చేయవలసి వచ్చినప్పుడు, కూల్చడానికి ముందు ఆ వరుసను విద్యార్థుల చేత గీయించడం పనిలో ఒక భాగం కావాలి. నష్టపరిహారం లెక్కకు అడుగులు చాలు. అక్కడ బతికినవాళ్ల లెక్కకు చాలవు.

షీట్లు గదిలో చేరేముందు, గీసిన వీధిలోనే ఒక సాయంత్రం తాడు కట్టి వేలాడదీయాలని కూడా నా కోరిక. అక్కడివాళ్లు తప్పులు చూపిస్తారు. మా సందు బొమ్మలో బావిని తూర్పుకు గీస్తే అవ్వే దిద్దించింది. ఇంటి లోపలి గదులు, కాపురముంటున్నవాళ్ల పేర్లు ఉన్న షీట్లను మాత్రం వాళ్లు ఒప్పుకుంటేనే అందరికీ చూపాలి. మాట చెప్పినవాళ్లు తమ పేరు ఉండాలని కోరితే గీసినవాళ్ల పేరు పక్కనే రాయాలి.

ఇది ఎక్కడా జరగని పని కాదు. అమెరికాలో 1933లో, పనిలేక ఉన్న ఆర్కిటెక్టులకు జీతమిచ్చి పాత కట్టడాలను కొలిపించి గీయించారు. ఆ చిత్రాలు అక్కడి జాతీయ గ్రంథాలయంలో ఉన్నాయి, విద్యార్థులు కొలిచి గీసినవీ ఆ సేకరణలో చేరుతున్నాయి. మనకు అంత పెద్ద ఏర్పాటు అక్కరలేదు. 1960 నుంచి తిరుపతిలో సంప్రదాయ శిల్ప శిక్షణ ఇస్తున్న సంస్థ ఉంది. అక్కడ రాయి చెక్కే విద్యార్థులూ, బయట నుంచి వచ్చే ఆర్కిటెక్చరు విద్యార్థులూ ఒకే వీధిని కలిసి కొలిస్తే ఒకరికి తెలియనిది ఇంకొకరు చూస్తారు. జిల్లా 2022 ఏప్రిల్ 4న ఏర్పడింది. దాని దస్త్రాలు ఇంకా కొత్తవే కాబట్టి ఈ అలవాటును ఇప్పుడే మొదలుపెట్టడం తేలిక.

మా తిన్నె మీది పులిజూదం రాతిని ఇల్లు కూల్చినప్పుడు పారేయలేక పెరటి గోడకు ఆనించి ఉంచాను. మీరు ఆ గది ఇప్పించిన రోజున దాన్ని ఆటోలో వేసుకుని నేనే తెచ్చి అప్పగిస్తాను. నా దగ్గరున్న సగం ఫోటోను కూడా పెద్దదిగా వేయించి ఇస్తాను. మిగిలిన సగాన్ని గీయడానికి మీరు ఏ విద్యార్థిని పంపినా, ఎవరెవరు ఎక్కడ కూర్చునేవారో చెప్పడానికి నేనూ, ఎదురింటి అవ్వా సిద్ధంగా ఉన్నాం. అవ్వకు ఎనభై నాలుగేళ్లు.

ఇట్లు,
భవదీయుడు,
విశ్రాంత డ్రాయింగ్ ఉపాధ్యాయుడు,
తిరుపతి.