పనీపాటా లేని తిరుగుడు కాదిది

సంపాదకులు గారికి నమస్కారం.

పోయిన వారం మీ పేపర్లో, ఇదే పేజీలో, ఒక పాఠకుడు రాసిన ఉత్తరం చదివాను. ఆడవాళ్లకు బస్సు ఉచితం చేసినప్పటి నుంచి ముసలివాళ్లు పనీపాటా లేకుండా గుళ్లూ జాతరలూ తిరుగుతున్నారని, వాళ్ల వల్ల ఉద్యోగస్తులకు, చదువుకునే పిల్లలకు సీట్లు దొరకడం లేదని ఆయన బాధపడ్డారు. ఆ ఉత్తరం రెండుసార్లు చదివాను. మనసుకు చాలా కష్టమనిపించింది. ఆయన చెప్పిన ముసలివాళ్లలో నేనూ ఒకదాన్ని. నాకు 67 ఏళ్లు. హనుమకొండలో కొడుకు, కోడలు, మనవరాలు, మనవడితో ఉంటాను. చదివింది ఏడో తరగతి. పేపరుకు రాయడం ఇదే మొదటిసారి, తప్పులుంటే దిద్దుకుని వేయండి.

పొద్దున నాలుగున్నరకు లేస్తాను. వాకిలి ఊడ్చి, సానుపు చల్లి, ముగ్గు వేసేసరికి నల్లా వచ్చే టైమవుతుంది. నీళ్లు పట్టి, దీపం పెట్టి, పిల్లల బాక్సులకు కూర తరుగుతాను. కోడలు వరంగల్‌లో ఒక బట్టల షాపులో పనిచేస్తుంది, తొమ్మిదికల్లా బయల్దేరాలి. ఎనిమిదిన్నరకు పిల్లల ఆటో వస్తుంది. మనవడికి బూట్ల లేసులు కట్టడం ఇంకా రాదు, మనవరాలికి రెండు జడలు వేయాలి. వాళ్లంతా వెళ్లాక అంట్లు, బట్టలు. నెలకు ఒక్కరోజు తప్ప మిగతా రోజులన్నీ ఇంతే. నాకు ఈ పనులంటే ఇష్టమే. మనవరాలి జడ నేను తప్ప ఇంకెవరు వేసినా నచ్చదు ఆ పిల్లకు. కానీ నన్ను పనిలేని మనిషి అంటే ఒప్పుకోలేను.

ఇక ఆ ఒక్కరోజు సంగతి. ఆ రోజు కలిసి గుళ్లకు బస్సెక్కేది మేం అయిదుగురం. మా వెనక వీధి కిరాణం వదిన, కుట్టుమిషను అక్క, రిటైరైన టీచరమ్మ, ఆమె తోడికోడలు, నేను. మాలో ముగ్గురికి భర్తలు లేరు. మా ఆయన వరంగల్‌లోని అజంజాహి బట్టల మిల్లులో పనిచేసేవారు. మిల్లు మూతపడ్డాక వాచ్‌మన్‌గా వెళ్లారు. నేను మోదుగాకులతో విస్తర్లు కుట్టి అమ్మేదాన్ని. ఆ రోజుల్లో ఊరికి పోవాలంటే చావుకో పెళ్లికో తప్ప కాలు కదిపింది లేదు. ఆయన పోయి ఆరేళ్లయింది. నాకు వచ్చే పింఛను 2,016 రూపాయలు. అందులో బీపీ గోళీలు పోను మిగిలింది పిల్లల పుస్తకాలకో, పాలకో పోతుంది. కొడుకు మంచివాడు, అడిగితే ఇస్తాడు. కానీ నెలాఖరులో వాడి ముఖం చూసి, 'గుడికి పోతా, రెండు వందలు ఇవ్వు బిడ్డా' అని అడగడానికి నాకు నోరు రాదు. ఏ తల్లికీ రాదు. అందుకే ఎక్కడికీ వెళ్లకుండా ఉండిపోయాం, నేనే కాదు, మా వీధిలో నా ఈడు వాళ్లందరూ.

2023 డిసెంబర్ 9 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్ లేదన్నారు. నమ్మకం కుదరక, మొదటిసారి ఆధార్ కార్డుతో పాటు కొంగున డబ్బులు కూడా ముడి వేసుకుని ఎక్కాను. కండక్టర్ కార్డు చూసి మిషన్ నుంచి సున్నా టికెట్ చింపి ఇచ్చాడు. ఆ రోజు వెళ్లింది ఐనవోలు మల్లన్న దగ్గరికి. అంతకుముందు వానాకాలంలో మనవరాలికి డెంగీ వచ్చి, నాలుగు రోజులు ఆస్పత్రిలో ఉంచారు. ప్లేట్‌లెట్లు పడిపోతున్నాయని డాక్టర్ చెప్పినప్పుడు, ఆ బెంచీ మీదే కూర్చుని, పిల్ల లేచి నడిస్తే బోనం తెస్తానని మల్లన్నకు మొక్కాను. డాక్టర్లే కాపాడారు, ఆ మాట కాదనను. కానీ మొక్కింది మొక్కే కదా. బోనం కుండ ఒళ్లో పెట్టుకుని బస్సులో కూర్చున్నాను. కిరాణం వదిన కొత్త చీర కట్టుకుని నా పక్కనే ఉంది. స్వామికి రంగుల ముగ్గుతో పట్నం వేయించి, నుదుటికి బండారి (పసుపు) రాసుకుని, కొంచెం పొట్లం కట్టుకొచ్చి పిల్ల నుదుట పెట్టాను. ఆ రాత్రి చాలా నెలల తర్వాత నాకు టెన్షన్ లేని నిద్ర పట్టింది.

ఆ తర్వాత రామప్ప. దీని గురించి కొంచెం ఎక్కువ రాస్తాను, ఏమనుకోకండి. 1213లో కట్టిన గుడి. కాకతీయ గణపతిదేవుడి దగ్గర సేనాపతిగా ఉన్న రేచర్ల రుద్రుడు కట్టించాడు. 2021లో యునెస్కో వాళ్లు ప్రపంచ వారసత్వం కింద గుర్తించారు. మా ఇంటి నుంచి డెబ్బై కిలోమీటర్ల లోపే ఉంటుంది. నేను కాపురానికి వచ్చిన ఇన్నేళ్లలో అక్కడ అడుగు పెట్టలేదు. ములుగు దాటాక దిగి, ఆటో మాట్లాడుకుని, తలా ఇంత వేసుకుని వెళ్లాం. గుడి చుట్టూ ఆ నల్లరాతి మదనికలను, అంటే అందమైన ఆడవాళ్ల శిల్పాలను, చూస్తూ ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. రాతి మెడలో హారాలు వేర్వేరుగా కనిపిస్తున్నాయి, వేళ్ల సందుల్లోంచి వెలుతురు వస్తోంది. ఒకామె కాళ్లకు ఎత్తు మడమల చెప్పులున్నాయి. టీచరమ్మ పిల్లలకు పాఠం చెప్పినట్టు మాకు చెప్పింది, శిఖరానికి వాడిన ఇటుకలు నీళ్ల మీద తేలేంత తేలికట. ముప్పై ఏళ్లు క్లాసులో కాకతీయుల పాఠం చెప్పిన మనిషి, ఆ గుడిని కళ్లారా చూడడం ఆమెకూ అదే మొదటిసారి. నంది ముందు కూర్చుని కళ్లు తుడుచుకుంది. చెరువు గట్టున సర్వపిండి, పులిహోర, మామిడికాయ తొక్కు విప్పుకుని తిన్నాం. కుట్టుమిషను అక్క కూనిరాగం తీస్తుంటే మేం చప్పట్లు కొట్టాం. ఇది పని కాదంటే కాదు. కానీ మా ఇంట్లో పెళ్లికి కూడా నేను ఇంత తీరుబడిగా కూర్చుని అన్నం తినలేదు.

ఇంకొక మాట రాయాలా వద్దా అని ఆలోచించాను. మా ఆయన పోయిన ఏడాది నేను బతుకమ్మ ఆడలేదు. ఎవరేమంటారో అని తలుపేసుకుని ఇంట్లో కూర్చున్నాను. మరుసటి ఏడు సద్దుల నాడు ఈ నలుగురే వచ్చి, తంగేడు, గునుగు, కట్లపూలు తెచ్చి నా ముందు పోసి, 'వదినె, పేర్చు' అన్నారు. పేర్చాను. పద్మాక్షి గుట్ట దగ్గరికి నన్ను మధ్యలో పెట్టుకుని తీసుకుపోయారు. మేం గుళ్లకు వెళ్తాం, దేవుణ్ణి నమ్ముతాం. కానీ నన్ను ఇంట్లోంచి లేపి బయటికి తెచ్చింది మాత్రం ఈ ఆడవాళ్లు. వీళ్లతో కలిసి బస్సెక్కడం పనీపాటా లేని తిరుగుడు ఎలా అవుతుందో ఆ ఉత్తరం రాసిన అయ్య ఆలోచించాలి. ఆయన ఇంట్లోనూ అమ్మో అత్తో ఉంటే, చివరిసారి ఎప్పుడు ఏ ఊరు చూసిందో ఒకసారి అడగమని కోరుతున్నాను.

ఆయన చెప్పిందాంట్లో నిజం లేకపోలేదు. పొద్దున కాలేజీ పిల్లలు ఫుట్‌బోర్డు మీద వేలాడుతుంటే చూసి నాకూ భయమేస్తుంది. మా కోడలూ రోజూ అదే రద్దీలో నిలబడి వెళ్తుంది. అందుకే మేం పది దాటాకే బస్సెక్కాలని, సాయంత్రం స్కూళ్లు వదిలే లోపు వచ్చేయాలని పెట్టుకున్నాం. దూరమైతే ఆదివారం వెళ్తాం. ఎక్కేవాళ్లు పెరిగినప్పుడు బస్సులు కూడా పెంచాలి కదా. ముసలివాళ్లు దిగిపోతే సరిపోతుందనడం న్యాయం కాదు.

అధికారులు చదువుతారని ఇంకొకటి కూడా రాస్తున్నాను. టీచరమ్మకు షుగర్ ఉంది. ప్రయాణం ఉందంటే ముందురోజు సాయంత్రం నుంచే నీళ్లు తాగడం తగ్గించేస్తుంది. దారిలో మరుగుదొడ్డి ఉంటుందో లేదో, ఉన్నా తలుపుకు గొళ్లెం ఉంటుందో లేదో అని భయం. ఒకసారి ఒక మండల కేంద్రం బస్టాండులో రెండు గంటలు బస్సు కోసం కూర్చున్నాం. మరుగుదొడ్డికి తాళం వేసి ఉంది. తాళం ఎవరి దగ్గర ఉందో అక్కడ ఎవరికీ తెలియదు. చివరికి పక్క వీధిలో ఎవరో ముక్కూముఖం తెలియని ఒక అమ్మాయి తన ఇంట్లోకి తీసుకెళ్లింది, ఆమెకు పుణ్యం ఉంటుంది. నీళ్లు మానేసిన షుగర్ మనిషికి కళ్లు తిరిగి పడిపోవడానికి ఎంతసేపు పడుతుంది? టికెట్ తీసేశారు, సంతోషం. తాళం కూడా తీయండి. బస్సు మొదటి మెట్టు మోకాలి ఎత్తున ఉంటుంది, పట్టుకుని ఎక్కేదాకా డ్రైవర్ అన్నలు ఒక్క నిమిషం ఆగాలి. బస్సు స్టేజీ దాటి ముందుకెళ్లి ఆగితే మేం పరిగెత్తలేం. చాలామంది కండక్టర్లు మమ్మల్ని 'అమ్మా' అనే పిలుస్తారు, చేయి అందించి ఎక్కిస్తారు. ఒకరిద్దరు మాత్రం 'మళ్లీ ఎక్కడికి?' అని అందరి ముందూ అడుగుతారు. ఆ మాట అన్నాక కిటికీలోంచి బయటికి చూడబుద్ధి కాదు.

నా సున్నా టికెట్లన్నీ మనవరాలు తన పాత కంపాస్ బాక్సులో దాస్తోంది. కొన్ని నెలలకే వాటి మీద అక్షరాలు చెరిగిపోతున్నాయని, ఒక్కోదాని వెనక పెన్నుతో ఊరి పేరు, తారీఖు రాస్తోంది. వచ్చే ఆదివారం కాళేశ్వరం. గోదావరి, ప్రాణహిత కలిసే చోట మునిగి, ఒకే పానవట్టం మీద రెండు లింగాలున్న ఆ స్వామిని చూసి రావాలని మా అందరి కోరిక. పొద్దున మొదటి బస్సుకే బయల్దేరుతున్నాం. వంట తాను చూసుకుంటానని కోడలు చెప్పింది. మనవరాలి జడలు ముందురోజు రాత్రే వేసేస్తాను.

ఇట్లు,
ఒక నాయనమ్మ,
హనుమకొండ