కబ్బన్ పార్కులో వెదురు పొదల దగ్గర

అనంతపురం,
గురువారం రాత్రి

అమ్మా సుధా,

ఈ ఉత్తరం చెనిక్కాయల పొడి డబ్బా కింద పెడుతున్నా. డబ్బాను నిలబెట్టే తీయి, మూత వదులు. మీ అమ్మ దారంతో కట్టింది గానీ నాకు నమ్మకం లేదు. నిప్పట్లు పై కవర్లో ఉన్నాయి, రాగిపిండి అడుగున ఉంది. పిండిని వచ్చిన రోజే డబ్బాలో పోసుకో, పురుగు పడుతుంది.

ఇక్కడ అందరం బాగున్నాం. అవ్వ మోకాలు అట్లనే ఉంది. మూడు వారాలుగా చినుకు లేదు. నువ్వు ఫోన్ చేసి పదిహేడు రోజులైంది. మెసేజ్ పెడితే ‘బిజీ నాన్నా’ అని రెండు మాటలు వస్తున్నాయి.

మొన్న గడియార స్తంభం దగ్గర నాగరాజు కలిశాడు. హైకోర్టులో ఏదో పనుండి బెంగళూరు పోయాడట. మంగళవారం పదకొండు గంటలప్పుడు కబ్బన్ పార్కులో, వెదురు పొదల దగ్గర బెంచీ మీద నిన్ను చూశానన్నాడు. ల్యాప్‌టాప్ బ్యాగు ఒళ్ళో పెట్టుకొని ఒక్కదానివే కూర్చున్నావట. వాడికి చూపు సరిగా ఆనదు, ఇంకెవరో అయ్యుండొచ్చు. నేనేమీ అడగడం లేదు. పార్కు మాట వచ్చింది కాబట్టి రాస్తున్నా.

ఆ పార్కు నాకు బాగా తెలుసమ్మా. 1870లో శాంకీ అనే ఇంజనీరు వేయించాడు. మొదట మీడ్స్ పార్కు అన్నారు, ఆ తర్వాత కబ్బన్ దొర పేరు పెట్టారు. 1927లో చామరాజేంద్ర పార్కు అని మార్చినా జనం నోట్లో పాత పేరే నిలిచిపోయింది. వంద ఎకరాలతో మొదలై మూడు వందల దాకా పెరిగింది. బస్సు కోసం నిలబడితే ఒక్క వేపచెట్టు నీడలో ఇరవై మంది సర్దుకునే ఊరు మనది. మొదటిసారి అక్కడికి పోయినప్పుడు ఇంత నీడ ఎవరికీ కాకుండా ఊరికే పడి ఉందే అనిపించింది. ఊరికే ఏం లేదులే. ఆ పార్కునూ లాల్‌బాగ్‌నూ కాపాడడానికి 1975లో చట్టమే చేశారు. అయినా 1998లో కొంత భాగాన్ని ఆ రక్షణ నుంచి తప్పించబోతే ఊళ్ళో జనమే అడ్డం నిలబడ్డారు. ఇప్పుడు శనివారం పొద్దున చాపలు పరుచుకొని, మాట్లాడకుండా పుస్తకాలు చదువుకుంటారటగా. నువ్వూ ఒకసారి పోయిరా. శనివారం అయితే ఎవరూ ఏమీ అనుకోరు.

మంగళవారం మీ ఆఫీసుకు సెలవా?

నీకెప్పుడూ చెప్పని విషయం ఒకటుంది. 1989లో నేను శ్రీరాంపురంలో రూములో ఉండి ఒక చిన్న కంపెనీలో పని చేసేవాణ్ణి. ఒక శుక్రవారం సాయంత్రం లెక్క చూసి చేతిలో పెట్టి, సోమవారం నుంచి రావద్దన్నారు. రూములో వాళ్ళకు కూడా చెప్పలేదు. రోజూ తొమ్మిదికి చొక్కా టక్ చేసుకొని, క్యారియర్ పట్టుకొని కబ్బన్ పార్కుకు నడిచిపోయేవాణ్ణి. శేషాద్రి అయ్యర్ హాల్లో లైబ్రరీ ఉంది చూడు, ఆ ఎర్ర భవనం, 1915 నాటిది. అందులో ప్రతి పేపరూ చివరి పేజీ దాకా చదివేవాణ్ణి. తర్వాత బయటికొచ్చి చెట్టు కింద కూర్చునేవాణ్ణి. ఒకటో తేదీకి అప్పు చేసి మీ అబ్బకు నూట యాభై మనియార్డర్ పంపాను, జీతం వచ్చినట్టే.

అక్కడికి ఒక ముసలాయన వచ్చేవాడు. జేబులోంచి నూకలు తీసి, చెట్టు మొదట్లో చీమల పుట్ట చుట్టూ చిటికెడు చిటికెడు చల్లేవాడు. చల్లి, చీమలు ఒక్కో నూకను ఎత్తుకొని వరసలో కలిసేదాకా వంగి చూసేవాడు. నెలన్నర మేం పలకరించుకోలేదు. ఒకరోజు వచ్చి పక్కన కూర్చొని, “కెలస హోగి ఎష్టు దిన ఆయ్తు?” అన్నాడు. పని పోయి ఎన్నాళ్ళయిందని. ఎట్లా తెలిసిందని అడిగితే నా క్యారియర్ వైపు చూపించాడు. పదకొండుకే అన్నం తినేసేవాడికి ఆఫీసు ఉండదన్నాడు. సంచిలోంచి ఇన్‌లాండ్ లెటర్ తీసి ఇచ్చి, ఇంటికి రాయి, రాసేదాకా నేను ఇక్కడే ఉంటానన్నాడు. మోకాలి మీద పెట్టుకొని రాశాను. పోస్టు డబ్బాలో వేసేదాకా వెంట వచ్చాడు.

అయిదో రోజు మీ అబ్బ దిగాడు, భుజాన చెనిక్కాయల మూట. నేరుగా పార్కుకే తీసుకుపోయాను. చాలాసేపు పైకి, చెట్ల వైపు చూశాడు. “ఇంత నీడలో ఉండి ఎండిపోయినావు కదరా” అన్నాడు. అంతే. ఆ రాత్రి బస్సుకే ఇద్దరం వచ్చేశాం. నూనె మిల్లులో లెక్కలు రాసే పని దొరికింది. ఆ తర్వాతదంతా నీకు తెలుసు.

నీకు చెప్పేంతవాణ్ణి కాదు గానీ, ఎవరైనా రాజీనామా రాయమంటే ఆ పూటే సంతకం పెట్టొద్దు. పీఎఫ్ డబ్బు తొందరపడి తీయొద్దు. క్రెడిట్ కార్డుతో అద్దె కట్టొద్దు, మాకు చెప్పు. పోయిన నెల నువ్వు పంపిన పదివేలు నేను ముట్టుకోలేదు, రేపే నీ ఖాతాలో వేస్తాను. ఎందుకని అడగొద్దు. పొద్దున ఏమైనా తిని బయటికి పో. బెంచీ మీద ఎక్కువసేపు కూర్చుంటే నడుము పట్టేస్తుంది, నీకు చిన్నప్పటి నుంచీ ఉన్నదే.

నాగరాజు చెప్పిన మాట మీ అమ్మకు చెప్పలేదు. ఈ ఉత్తరం కూడా తను పడుకున్నాక రాశాను.

వచ్చే మంగళవారం నేను బయల్దేరుతున్నా. నీ రూముకు రాను, స్టేషన్‌కు నువ్వు రావద్దు. పదకొండుకు వెదురు పొదల దగ్గర కూర్చుంటా. అన్నం ఇద్దరికీ తెస్తా.

నాన్న