ఎంబ్రియోలు ఎన్ని పెట్టాలో మా అప్పులు తేలుస్తున్నాయి, మంత్రిగారూ

ఆరోగ్య శాఖ మంత్రిగారికి నమస్కారం.

ధర్మవరం నుంచి గెలిచిన మీకు మా వైపు సంగతి ఎక్కువ చెప్పనక్కర్లేదు. పెళ్లయి నాలుగేళ్లు దాటినా కడుపు పండకపోతే అనంతపురం వాళ్లు బెంగళూరు బస్సెక్కుతారు, కర్నూలు వాళ్లు హైదరాబాద్ పోతారు, బంగారం కుదువ పెట్టి ఐవీఎఫ్ చేయించుకుంటారు. ఇంజెక్షన్లు, స్కానింగులు అన్నీ అయ్యాక ఒక మాట అడుగుతారు: ఎంబ్రియో (ల్యాబ్‌లో తయారైన పిండం) ఒకటి పెట్టాలా, రెండా? రెండు పెట్టండి మేడం అనేస్తాం. ఇది నిలవకపోతే మళ్లీ డబ్బులు ఎవరిస్తారు, ఇద్దరు పుడితే ఒకే ఖర్చుతో అయిపోతుంది కదా అని.

మా వదినకూ రెండే పెట్టారు. కవలలని తెలిసిన రోజు వీధంతా స్వీట్లు పంచాం. ఎనిమిదో నెల రాకముందే బీపీ పెరిగి సిజేరియన్ చేయాల్సి వచ్చింది, పిల్లలిద్దరినీ వారాల తరబడి బాక్సులో పెట్టారు, ఆ బిల్లు ఐవీఎఫ్ బిల్లును దాటిపోయింది. ఇప్పుడు పిల్లలు బాగానే ఉన్నారు లెండి. కానీ ట్రీట్‌మెంట్ వల్ల ఏమేం జరగొచ్చో, ఫలితం వచ్చే అవకాశం ఎంతో దంపతులకు కౌన్సెలింగ్‌లో చెప్పాలని, ఐవీఎఫ్ లాంటి చికిత్సల కోసం తెచ్చిన 2021 ఏఆర్‌టీ చట్టంలోనే ఉంది. మాకు మాత్రం ఇంగ్లీషు కాగితాలు ఇచ్చి సంతకాలు చేయించుకున్నారు, అంతే.

కవలల్లో సగానికి పైగా 37 వారాలు నిండకుండానే పుడతారని మాకేం తెలుసు? తల్లికి 35 ఏళ్ల లోపుండి ఎంబ్రియో బాగుంటే, ఒకటి పెట్టి మిగతావి ఫ్రీజ్ చేయొచ్చు. మొదటిది నిలవకపోతే రెండోది తర్వాత పెట్టినా, బిడ్డ పుట్టే అవకాశం రెండూ ఒకేసారి పెట్టినదానికి దాదాపు సమానంగానే ఉంటుంది. నలభైకి దగ్గరైన ఆడమనిషి విషయం వేరు, అది డాక్టరు చూసుకుంటారు. సరోగసీకైతే 2022 రూల్స్‌లో ఒక్కటే పెట్టాలని, ప్రత్యేక పరిస్థితుల్లోనే మూడు దాకా అని రాశారు.

రూలు పెట్టినంత మాత్రాన సరిపోదు సార్, అసలు చిక్కు ఆ రెండోసారి ఖర్చు దగ్గరే ఉంది. 2003లో బెల్జియం ఆరు సైకిళ్ల (ఐవీఎఫ్ విడతల) దాకా ల్యాబ్ ఖర్చు భరిస్తామని, బదులుగా 36 ఏళ్ల లోపు వాళ్లకు మొదటిసారి ఒక్కటే పెట్టాలని షరతు పెట్టింది. దాంతో అక్కడ కవల కాన్పులు బాగా తగ్గాయి. మనం ఆరు అడగడం లేదు. ఒక్కటే పెట్టించుకోవడానికి ఒప్పుకున్న జంటకు ఫ్రీజింగ్, రెండో ట్రాన్స్‌ఫర్ (ఎంబ్రియోను కడుపులో పెట్టడం) ఖర్చు ఎన్టీఆర్ వైద్య సేవలో కలపండి. ఎలాగూ డబ్బులేని వాళ్ల పిల్లలు నెలలు నిండకుండా పుడితే కర్నూలు పెద్దాసుపత్రికే తీసుకొస్తారు, ఆ ఖర్చు ప్రభుత్వానిదే. అలాగే ఆ సంతకాల కాగితం తెలుగులో, ఒకటి పెడితే ఏమిటి, రెండు పెడితే ఏమిటి అన్నది పక్కపక్కన రాసి, ట్రాన్స్‌ఫర్ రోజు పొద్దున కాకుండా ఇంటికి తీసుకెళ్లి చదువుకునేలా ముందే ఇవ్వమని క్లినిక్‌లకు ఆర్డరేయండి. దీనికి పెద్ద బడ్జెట్ కూడా అక్కర్లేదు.

ఇట్లు,
అనంతపురం నుంచి ఒక ఆడపడుచు