సౌజన్యా, నీ కాంట్రాక్టు కాపీ ఒకటి పంపు

తెనాలి,
2026 ఫిబ్రవరి

చిరంజీవి సౌజన్యకు అమ్మ ఆశీర్వదించి వ్రాయునది.

ఇక్కడ అందరం క్షేమం. నాన్నగారి బీపీ అదుపులోనే ఉంది. ఉప్పు తగ్గించమన్నందుకు ఆయన డాక్టరునే మార్చే ఆలోచనలో ఉన్నారు. పెరట్లో బోరు మళ్లీ మొరాయించింది. కాత్యాయని అత్తయ్య మొన్న పసుపు కుంకుమలకని వచ్చి, లేచి వెళ్లబోతూ గుమ్మం దగ్గర ఆగి, కెనడాలోని మిస్సిసాగా నుండి వేణు ఫోను చేశాడని, నువ్వు ఆ పెద్ద లా ఫర్మ్‌లో ఉద్యోగం మానేసి ఎవరో ఐస్ హాకీ ఏజెంటు దగ్గర చేరావని, ఫిన్లాండులో ఏదో రింకు, అదే మంచు మైదానం, దగ్గర నిలబడి పదిహేడేళ్ల పిల్లల ఆటలు చూస్తున్నావని చెప్పి వెళ్లింది. అత్తయ్య చెవిన పడిన మాట ఎంత దూరం వెళుతుందో నీకు తెలుసు. నేను వాట్సాప్‌లో పెట్టిన వాటికి నీలం టిక్కులు పడుతున్నాయి కానీ జవాబు రావడం లేదు. ఆ సంగతి అడగడానికి ఈ ఉత్తరం వ్రాయడం లేదు. నిరుడు దసరాకు, ఇదీ న్యాయశాస్త్రమేనని నన్ను ఒప్పించడానికి, ఎన్‌హెచ్‌ఎల్ అనే ఆ అమెరికా, కెనడాల ఐస్ హాకీ లీగు యాజమాన్యాలకూ ఆటగాళ్ల సంఘానికీ మధ్య కుదిరిన ఒప్పందం మొత్తం పంపావు గదా. ఐదు వందల పైచిలుకు పేజీలున్న ఆ పుస్తకంలో ఎనిమిది, తొమ్మిది, పదకొండు, పదమూడు అధికరణాలను బోస్ రోడ్డులో ప్రింటు తీయించి, ఎర్ర పెన్సిలు పట్టుకుని తీరికగా చదివాను. వాటి గురించే వ్రాస్తున్నాను.

మన వీధిలో హాకీ అంటే ఇప్పటికీ ధ్యాన్‌చందే కాబట్టి నాకు ఈ డ్రాఫ్ట్ అనేది అర్థం కావడానికి కొంత సమయం పట్టింది. పద్దెనిమిదేళ్ల కుర్రవాడు స్వీడన్‌లో తన ఊరి క్లబ్బుకు ఆడుకుంటూ ఉంటాడు. అక్కడ అమెరికా, కెనడాలలోని ముప్పై రెండు క్లబ్బులు ఏడు విడతలుగా పేర్లు చదువుతాయి. తన పేరు చదివిన క్లబ్బుకు అతను ఉద్యోగి కాడు, వాళ్లు అతనికి ఒక్క డాలరు జీతం ఇవ్వనక్కరలేదు, అయినా ఆ లీగులో మరే క్లబ్బూ అతనితో ఒప్పందం చేసుకోవడానికి వీలులేదు. మా రిజిస్ట్రేషన్ ఆఫీసు లెక్కన ఇది క్రయ దస్తావేజు కాదు, అగ్రిమెంటు. అగ్రిమెంటు వ్రాయించుకున్నవాడు స్థలానికి యజమాని కాడు, కానీ అసలు యజమాని దాన్ని ఇంకొకరికి నిశ్చింతగా అమ్ముకోలేడు. అయితే మా దగ్గర అగ్రిమెంటు మీద అమ్మేవాడి సంతకం ఉంటుంది. ఇక్కడ కుర్రవాడి సంతకం ఎక్కడా లేదు, అతన్ని అడిగినవారూ లేరు.

గడువుల దగ్గర నాకు మరింత చిత్రంగా అనిపించింది. కెనడా జూనియర్ లీగుల నుండి ఎంచుకున్న కుర్రవాడి మీద క్లబ్బు హక్కు రెండో ఏటి జూన్ 1 వరకు. అదే ఐరోపా క్లబ్బు నుండి ఎంచుకున్నవాడి మీద నాలుగో ఏటి జూన్ 1 వరకు. రష్యా నుండి ఎంచుకుంటే గడువే లేదు, ఎందుకంటే ఆ దేశంతో ఆటగాళ్ల బదిలీ ఒప్పందం లేదు. గడువు లేని అగ్రిమెంటు నా టేబులు మీదికి వచ్చి ఉంటే, ముందు ఒక తేదీ వేయించుకుని రండని తిప్పి పంపేదాన్ని. ఇవాన్ ఫెదోతోవ్ అనే రష్యా గోల్‌కీపరును ఫిలడెల్ఫియా క్లబ్బు 2015లో ఏడో విడతలో ఎంచుకుంటే, అతను సంతకం పెట్టింది 2022లో. అంతకాలం ఆ హక్కు చెక్కుచెదరకుండా ఉన్నది. తీరా సంతకం పెట్టాక ఆ జూలైలో సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో అతన్ని పట్టుకుని, సైనిక సేవ బాకీ ఉందని చెప్పి, ఉత్తరాన సెవెరోమోర్స్క్‌కు పంపారు. మరుసటి సంవత్సరం అంతర్జాతీయ ఐస్ హాకీ సమాఖ్య ఫిలడెల్ఫియా కాంట్రాక్టే చెల్లుతుందని తీర్పు చెప్పినా, అతను మాస్కోలోని సీఎస్‌కేఏ క్లబ్బుకు ఆడుతూనే ఉన్నాడు. చివరకు 2024 మార్చిలో గానీ ఫిలడెల్ఫియా చేరలేదు. కాగితం ఒకరి పక్షాన, మనిషి ఇంకొకరి చేతిలో. నువ్వు రష్యా వైపు వెళ్లవు గదా? 2022 నుండి ఎన్‌హెచ్‌ఎల్ క్లబ్బులు అక్కడి లీగుతో వ్యవహారాలు ఆపేశాయని నువ్వే చెప్పావు. మీ ఆఫీసువాళ్లు ఏం చెప్పి పంపినా వెళ్లవద్దు.

వేణు చెప్పింది నిజమో కాదో నాకు తెలియదు. నిజమైతే తప్పని నేను అనడం లేదు. అయితే ఆటగాడి తరఫున క్లబ్బుతో మాట్లాడాలంటే ఆటగాళ్ల సంఘం ధ్రువీకరించిన ఏజెంటే అయి ఉండాలని, ఆ సంఘం కార్యాలయం మీ టొరంటోలోనే ఉందని నువ్వు వ్రాసిన నోట్సులో ఉంది. ధ్రువీకరణ ఉన్నవారి జాబితాను సంఘమే ప్రకటిస్తుంది. మీ యజమాని పేరు అందులో ఉందా? చేరే ముందు చూశావా? తెనాలిలో స్టాంపు వెండరు దగ్గర కాగితం కొనేవాడు కూడా లైసెన్సు బోర్డు వంక ఒకసారి చూస్తాడు.

నువ్వు పంపిన వాటిలో నన్ను నిద్రపోనివ్వనిది మాత్రం ఎవ్గేని మాల్కిన్ కథ. అది పూర్తిగా వ్రాస్తాను, నీకు తెలిసినదే అయినా. ఉరల్ పర్వతాల దగ్గర మాగ్నిటోగోర్స్క్ అనే ఉక్కు పట్టణం. మన విశాఖ గాజువాకలాగా ఊరంతా మిల్లుతోనే బతికేది, క్లబ్బు కూడా మిల్లుదే. ఈ కుర్రవాడు ఆ ఊరివాడు, ఆ క్లబ్బులోనే ఎదిగినవాడు. 2004లో పిట్స్‌బర్గ్ అతన్ని రెండో స్థానంలో ఎంచుకుంది. 2006 ఆగస్టు నాటికి అతనికి ఇరవై ఏళ్లు నిండి వారమో పది రోజులో. అమెరికా వెళ్లాలని అతని కోరిక, మరో ఏడాది ఉండాలని క్లబ్బు పట్టు. క్లబ్బు పెద్దలు గంటల తరబడి కూర్చుని, ఊరికి నువ్వు రుణపడి ఉన్నావని చెప్పి చెప్పి, అర్ధరాత్రి దాటాక అతని చేత కొత్త కాంట్రాక్టు మీద సంతకం పెట్టించారని ఆ తరువాత అతనే పత్రికల వారితో చెప్పాడు. వాళ్ల అమ్మ ఆ రాత్రి పడుకుని ఉంటుందని నేను అనుకోను. టీలు పెడుతూ, ఈ పెద్దమనుషులు ఎప్పుడు లేస్తారా అని వంటింట్లో నుండి చూస్తూ ఉండి ఉంటుంది. ఆ పెద్దమనుషులే మరునాడు తన భర్తకు మిల్లులో ఎదురుపడతారు కాబట్టి ఆమె గట్టిగా ఒక మాట అనగలిగి ఉండదు.

కొద్ది రోజులకే జట్టు సాధన కోసం ఫిన్లాండు వెళ్లింది. హెల్సింకి విమానాశ్రయంలో పాస్‌పోర్టు తన చేతికి రాగానే ఆ కుర్రవాడు జట్టును వదిలి బయటకు నడిచి, ఏజెంటు మనుషులతో వెళ్లిపోయాడు. కొన్ని రోజులు అక్కడే ఎవరికీ కనిపించకుండా ఉండి, అమెరికా వీసా రాగానే లాస్ ఏంజెలెస్ విమానం ఎక్కాడు. ఇంతవరకు సినిమాలా ఉంది గానీ, నాకు నచ్చింది ఆ తరువాతిది. రష్యా కార్మిక చట్టం ప్రకారం ఏ ఉద్యోగి అయినా రెండు వారాల ముందస్తు నోటీసు ఇచ్చి ఉద్యోగం మానుకోవచ్చు. ఆ చట్టంలో ఆటగాళ్లకు అప్పటికి వేరే మినహాయింపు లేదు. ఆ నోటీసు ఫ్యాక్సులో వెళ్లింది. సెప్టెంబరు 5న పిట్స్‌బర్గ్‌తో సంతకమైంది. మాగ్నిటోగోర్స్క్ క్లబ్బు న్యూయార్క్ ఫెడరల్ కోర్టుకు వెళ్లింది, కోర్టు అతన్ని ఆడకుండా ఆపడానికి నిరాకరించింది. ఆ ఏడాది కొత్త ఆటగాళ్లలో ఉత్తముడికిచ్చే కాల్డర్ ట్రోఫీ అతనికే వచ్చింది. 2008లో రష్యా తన చట్టాన్ని సవరించి, ఆటగాడి నోటీసును ఒక నెలకు పెంచి, పరిహారానికి దారి పెట్టుకుంది. ఒక్క కుర్రవాడు ఒక్క కాగితం పంపితే దేశానికి చట్టం మార్చుకోవలసి వచ్చిందన్నమాట.

ఇది ఇంత వివరంగా వ్రాయడానికి కారణం ఉంది. మన ఒప్పందాల చట్టం 1872 నాటిది. బలవంతం మీద, అనుచిత ప్రభావం మీద పెట్టిన సంతకాన్ని పెట్టినవాడు రద్దు చేయించుకోవచ్చని అందులో ఉంది. అయినా మా కుర్చీలో కూర్చున్నవారు కాగితాన్ని చూసి ఊరుకోరు, దస్తావేజు వ్రాసి ఇచ్చింది మీరేనా, డబ్బు ముట్టిందా అని మనిషి ముఖం చూసి అడుగుతారు. వ్రాసి ఇచ్చింది తాను కాదంటే రిజిస్టరు చేయడానికి వీలులేదు. ఎదురుగా ఉన్నవాళ్లు ఎంత పెద్దవాళ్లైనా సరే, ఆ ప్రశ్న అడిగినప్పుడు వాళ్లను గది బయట నిలబెట్టేదాన్ని. మీ నాన్నగారు దీన్ని నా మొండితనం అంటారు. నీ చేత సంతకం పెట్టించుకున్నవాళ్లు పగలు పెట్టించుకున్నారా, ఇంటికి తీసుకువెళ్లి చదువుకోవడానికి వ్యవధి ఇచ్చారా? మంచివాడైన యజమాని ఆ వ్యవధి అడిగితే నొచ్చుకోడు.

పోనీలే, తొమ్మిదో అధికరణం దగ్గరకు వస్తాను. తొలి కాంట్రాక్టు ఎన్నేళ్లన్నది వయసును బట్టి ఉంది: ఇరవై ఒకటి వరకు మూడేళ్లు, ఇరవై రెండు, ఇరవై మూడుకు రెండేళ్లు, ఇరవై నాలుగుకు ఒక ఏడు. ఐరోపావాడైతే ఇరవై ఏడేళ్ల వరకు కూడా ఒక ఏడాది ఈ చట్రంలోనే ఉండాలి. సంతకం బోనసు ఏటి మొత్తంలో పది శాతం దాటకూడదు. పద్దెనిమిది, పంతొమ్మిదేళ్లవాడు ఆ సీజనులో పది ఆటలకన్నా తక్కువ ఆడితే కాంట్రాక్టు మొదలుకాకుండా మరుసటి ఏడాదికి వాయిదా పడుతుంది; పదో ఆట ఆడించారంటే ఒక ఏడాది ఖర్చయినట్టే. కుర్రవాడి తల్లిదండ్రులు పదో ఆట అని సంబరపడుతుంటే, మేనేజరు పైన కూర్చుని సంవత్సరాలు లెక్కపెట్టుకుంటూ ఉంటాడు. ఇవన్నీ ఆ ఇంటివాళ్ల భాషలో కూర్చోబెట్టి చెప్పే మనిషి కావాలి. నువ్వు అది చక్కగా చేయగలవు. చిన్నప్పుడు చిట్‌ఫండ్ కాగితం చూసి నాన్నమ్మకు వాయిదాలు విడమరచి చెప్పింది నువ్వే.

అన్నిటిలోకీ నేను గీత గీసి పెట్టుకున్నది ఇంకొకటి. కొందరు ఐరోపా ఆటగాళ్లు, ఎన్‌హెచ్‌ఎల్ జట్టులో చోటు దొరకకపోతే అమెరికాలోని చిన్న లీగుకు పంపకుండా తమ స్వదేశపు క్లబ్బుకు తిరిగి వెళ్లనివ్వాలని కాంట్రాక్టులోనే వ్రాయించుకుంటారట. అలాంటి వాక్యం పెట్టించగల ఏజెంటు దగ్గర నువ్వు పనిచేస్తున్నావంటే నాకు ఆక్షేపణ లేదు. నీ కాంట్రాక్టులో అటువంటిది ఏమైనా ఉందా, కనీసం వైశాఖంలో రవి పెళ్లికి రావడానికి సెలవు?

నీ విషయం అడగను అంటూనే అడుగుతున్నానని నాన్నగారు వెనక నుండి చదివి అంటున్నారు. అడుగుతాను. పోటీ సంస్థలో చేరకూడదని నీచేత ఏమైనా వ్రాయించుకున్నారా? ఒంటారియోలో 2021 అక్టోబరు 25 తరువాత, పెద్ద పదవుల్లో ఉన్నవాళ్లను మినహాయిస్తే, ఉద్యోగుల చేత అటువంటి షరతు వ్రాయించుకోవడం చెల్లదని చదివాను. నీకు తెలిసే ఉంటుంది, అయినా వ్రాస్తున్నాను. జీతమా, కమిషనులో వాటానా? ఏజెంటు కమిషను ఇచ్చేది క్లబ్బు కాదు, ఆటగాడు. ఆటగాడు సంతకం పెట్టేవరకు ఇచ్చేదేమీ ఉండదు. నాలుగో ఏటి జూన్ వరకు అతను పెట్టకపోతే నువ్వు అద్దె దేనితో కడతావు? అన్నిటికన్నా ముఖ్యమైనది, నీ వర్క్ పర్మిట్ మీద పాత ఫర్మ్ పేరే ఉంటే, కొత్త అనుమతి రాకుండా కొత్త చోట పనిచేయకూడదు గదా. ఊరి పిల్లల హక్కులు ఏ క్లబ్బు చేతిలో ఉన్నాయో చూసేదానివి, నీవి ఎవరి చేతిలో ఉన్నాయో ముందు చూసుకో. పీఆర్, అదే శాశ్వత నివాస అనుమతి, వచ్చేసి ఉంటే ఈ పేరా కొట్టివేసి చదువుకో. వచ్చిన సంగతి మాకు చెప్పలేదని మాత్రం కాత్యాయని అత్తయ్యకు తెలియనివ్వకు.

రింకులలో లోపల కూడా గడ్డకట్టే చలి ఉంటుందట. ఉన్ని సాక్సులు రెండు జతలు వేసుకో, మోకాళ్లకు పట్టీలు కట్టుకో, థైరాయిడ్ మాత్ర పరగడుపునే వేసుకో, ఆట మధ్యలో కాఫీతో వేసుకోవద్దు. రాత్రిళ్లు పెరుగన్నం మానకు.

కాంట్రాక్టు కాపీ పంపు. జీతం అంకె కనబడటం ఇష్టం లేకపోతే దాన్ని నల్ల సిరాతో కొట్టివేసి పంపు, మిగతా షరతులు చాలు. అన్ని పేజీలూ స్కాన్ చెయ్యి, వెనక చిన్న అక్షరాలవి కూడా. గోంగూర పచ్చడి, కరివేపాకు పొడి, కాస్త బెల్లం మిఠాయి కట్టి సిద్ధంగా ఉంచాను. పార్సిలు అబ్బాయి ఆదివారం వస్తాడు. పాత ఇంటి చిరునామాకే పంపమంటావా, మారావా? ఆ ఒక్కటీ శనివారంలోగా మెసేజీ పెట్టు.

ఆశీస్సులతో
అమ్మ