నీలం చొక్కా వేసుకుంటే బాధపడతావా అని అడిగావుగా

అమ్మలూ,

నిన్న చాపెల్ హిల్‌లో నిన్ను హాస్టల్ గదిలో దింపి, మంచం మీద దుప్పటి పరిచి, మీ అమ్మ అప్పటికే నాలుగుసార్లు చెప్పిన జాగ్రత్తలు నేను ఐదోసారి చెప్పి కారెక్కబోతుంటే ఒక మాట అడిగావు. "నాన్నా, నువ్వు చదివిన నార్త్ కరోలినా స్టేట్ వాళ్ళు ఇక్కడికి బాస్కెట్‌బాల్ ఆడటానికి వచ్చినప్పుడు నేను మా కరోలినా యూనివర్సిటీ నీలం చొక్కా వేసుకుని మీ వాళ్ళు ఓడిపోవాలని అరుస్తాను కదా, నీకు బాధనిపించదా?" అన్నావు. నేను నవ్వేసి ఊరుకున్నాను. అక్కణ్ణుంచి మోరిస్‌విల్‌లో మన ఇంటికి అరగంట దారి, ఆ అరగంటా అదే ఆలోచించాను. ఫోన్లో అయితే సగం చెప్పి సగం మింగేస్తాను, అందుకని రాస్తున్నాను.

బాధ ఉండదమ్మా. నా మొహం చూసి నువ్వు సగం గొంతుతో అరిస్తే మాత్రం బాధపడతాను.

2024 మార్చిలో ఏసీసీ ఫైనల్ రోజు నీకు గుర్తుందా? అదే, మన చుట్టుపక్కల కాలేజీలన్నీ ఆడే లీగ్, అట్లాంటిక్ కోస్ట్ కాన్ఫరెన్స్. శనివారం, 16వ తారీఖు. కరోలినాలో నీకు సీటు వచ్చి అప్పటికి నెలన్నర అయింది. ఫైనల్లో ఒకవైపు నా కాలేజీ, ఇంకోవైపు నీ కాబోయే కాలేజీ. నువ్వు సోఫాలో నా పక్కన కూర్చోలేదు, మెట్ల మీద కూర్చున్నావు. మీ కరోలినా ఆటగాడు ఆర్.జె. డేవిస్ బంతి ఎత్తినప్పుడల్లా నీ బొటనవేలు పళ్ళ మధ్యకి పోవడం నేను చూశాను, చూడనట్టే ఉన్నాను. ఆట ముగిసి 84-76తో స్టేట్ గెలిచాక నువ్వే దిగి వచ్చి నా పక్కన కూర్చుని నా భుజం మీద చెయ్యి వేశావు. నీ టీమ్ ఓడిపోయిందని తెలిసి కూడా. ఆ రోజు నేను ఎందుకంత ఏడ్చానో నీకు సరిగ్గా చెప్పలేదు. ఒక్క ఆట గెలిచినందుకు యాభైకి దగ్గరపడిన మనిషి అలా ఏడుస్తాడా అని మీ అమ్మ ఇప్పటికీ అడుగుతుంది.

నేను 2001 ఆగస్టులో ఎం.ఎస్. చేయడానికి రాలీ వచ్చాను. బాస్కెట్‌బాల్ గురించి నాకేమీ తెలియదు. గుంటూరులో నేను చదివిన కాలేజీలో ఒక బాస్కెట్‌బాల్ స్తంభం ఉండేది, దానికి అందరం సైకిళ్ళు ఆనించేవాళ్ళం, అంతే. వచ్చిన మూడు నెలలకి రూమ్మేట్ దగ్గర ఒక టికెట్ మిగిలిపోయిందని నన్ను లాక్కెళ్ళాడు. పందొమ్మిది వేల పైచిలుకు సీట్లున్న అరీనా, ఎటు చూసినా ఎరుపే. అందరూ నడిమి రెండు వేళ్ళు బొటనవేలికి ఆనించి, మిగతా రెండూ చెవుల్లా పైకి లేపి చేత్తో తోడేలు మూతి చేసి ఊపుతున్నారు. నాకు కుదరలేదు. ముందు వరుసలో ఒక పెద్దావిడ, మా నాయనమ్మ వయసు ఉంటుంది, వెనక్కి తిరిగి చూసి నా చెయ్యి పట్టుకుని ఒక్కొక్క వేలూ సరిచేసి మళ్ళీ ఆటవైపు తిరిగింది. దేశం వచ్చి మూడు నెలలైనా అప్పటిదాకా నా చెయ్యి పట్టుకుని ఏదైనా నేర్పినవాళ్ళు లేరు. స్టేట్ టీమ్ పేరు వుల్ఫ్‌ప్యాక్, తోడేళ్ళ గుంపు. ఆ రోజు నుంచి నేను వుల్ఫ్‌ప్యాక్ మనిషినే.

ఈ కాన్ఫరెన్స్ గొడవ ఏమిటో నాకు అర్థం కావడానికి మన ఊరే ఉపయోగపడింది. సంక్రాంతికి మన దగ్గర బండలాగుడు పందేలు జరుగుతాయని చెప్పానుగా. కాలవకి ఇవతల మా ఊరు, అవతల మా అమ్మమ్మగారి ఊరు. ఎక్కడో కర్నూలు నుంచి వచ్చిన జత గెలిస్తే చప్పట్లు కొట్టి ఇంటికి పోయేవాళ్ళం, కాలవ అవతలి జత గెలిస్తే మాత్రం మా తాతకి ఆ పూట అన్నం సయించేది కాదు. మర్నాడు అదే ఊరికి వియ్యం మాట్లాడటానికి వెళ్ళేవాడు. ఏసీసీ అంటే అదే. స్టేట్, కరోలినా, డ్యూక్ మూడూ ఒకదానికొకటి అరగంట దూరంలో ఉన్నాయి, డ్యూక్‌కీ మీకూ మధ్య పదిమైళ్ళు కూడా లేదు. వేక్ ఫారెస్ట్ కూడా 1956 దాకా రాలీ పక్కనే ఉండి, తర్వాత విన్‌స్టన్-సేలం వెళ్ళింది. నా ఆఫీసులో నా ఎడమపక్క కరోలినావాడు, కుడిపక్క డ్యూక్‌వాడు. ఓడిన మర్నాడు సోమవారం పొద్దున కాఫీ మెషీన్ దగ్గరికి వెళ్ళాలంటే కాళ్ళు రావు. ఎక్కడో కాలిఫోర్నియాలో ఉన్న కాలేజీ చేతిలో ఓడితే ఆ బాధ ఉండదు, ఎందుకంటే వాడు నీకు కాఫీ మెషీన్ దగ్గర కనపడడు.

నా మొదటి ఉద్యోగంలో పక్క సీటులో ఒక పెద్దాయన ఉండేవారు, ఇక్కడే పుట్టి పెరిగినాయన. 1974 కథ ఆయనే చెప్పారు. అప్పట్లో దేశపు టోర్నమెంట్‌కి ఒక్కో కాన్ఫరెన్స్ నుంచి ఒక్క టీమే వెళ్ళేది, ఏసీసీలో అయితే ఆఖర్లో జరిగే టోర్నమెంట్ గెలిచినవాడే. ఏడాదంతా ఎంత బాగా ఆడినా ఆ మూడు రోజుల్లో ఒక్కటి ఓడితే ఇంటికే. ఆ ఏడు ఫైనల్లో స్టేట్ ఓవర్‌టైమ్‌లో 103-100తో మేరీల్యాండ్‌ని ఓడించింది. దేశంలో మొదటి నాలుగైదు టీముల్లో ఒకటనిపించుకున్న మేరీల్యాండ్ టోర్నమెంట్‌కి వెళ్ళనే లేదు. ఆ అన్యాయం చూశాకే మర్నాటి ఏడాది నుంచి ఒక కాన్ఫరెన్స్ నుంచి ఒకటి కంటే ఎక్కువ టీములు వెళ్ళేలా నియమం మార్చారు. డేవిడ్ థాంప్సన్ ఉన్న ఆ స్టేట్ టీమే తర్వాత సెమీఫైనల్లో, వరసగా ఏడేళ్ళు ఛాంపియన్‌గా ఉన్న యూసీఎల్ఏని రెండు ఓవర్‌టైముల తర్వాత 80-77తో ఓడించి ఆ ఏడాది కప్పు తెచ్చింది. ఇక్కడి పాతవాళ్ళకి దేశపు కప్పు ఒక ఎత్తు, ఏసీసీ టోర్నమెంట్ ఒక ఎత్తు ఎందుకో నాకు అప్పుడు తెలిసింది.

ఆ తర్వాత 1983. పది ఆటలు ఓడిన స్టేట్ టీమ్ అది. ఏసీసీ టోర్నమెంట్‌లో మైకేల్ జోర్డాన్ ఉన్న మీ కరోలినాని ఓవర్‌టైమ్‌లో, రాల్ఫ్ శాంప్సన్ ఉన్న వర్జీనియాని ఫైనల్లో ఓడించి, ఆఖరికి ఆల్బకర్కీలో దేశపు ఫైనల్లో ఒలాజువాన్, డ్రెక్స్లర్ ఉన్న హ్యూస్టన్‌తో 52-52 దగ్గర నిలబడింది. మా విటెన్‌బర్గ్ దూరం నుంచి విసిరిన బంతి రిమ్‌కి అందలేదు, లొరెంజో చార్ల్స్ దాన్ని గాల్లోనే పట్టి లోపలికి కుక్కాడు. 54-52. కోచ్ జిమ్ వాల్వానో ఎవర్ని కౌగిలించుకోవాలో తెలియక కోర్టంతా పరిగెత్తాడు. ఈ కథ పెద్దాయన చెప్పినప్పుడల్లా కుర్చీలోంచి లేచేవారు. ఆయన పదేళ్ళ కిందట పోయారు.

స్టేట్ 1987లో ఏసీసీ గెలిచింది, మళ్ళీ గెలవడానికి 37 ఏళ్ళు పట్టింది. అందులో 23 ఏళ్ళు నేను చూశాను. 2002 ఫైనల్లో డ్యూక్ చేతిలో 91-61తో చిత్తుగా ఓడాం. 2003లో మళ్ళీ డ్యూకే, రెండో సగంలో పెద్ద ఆధిక్యం ఉండి కూడా చేజార్చుకున్నాం. 2007 ఫైనల్లో మీ కరోలినా చేతిలో 89-80. అప్పుడు నువ్వు ఏడు నెలల పిల్లవి, నా ఒళ్ళో నిద్రపోతున్నావు, అరవడానికి లేదు, పళ్ళు బిగించి చూశాను. కరోలినావాళ్ళకి ఆరు దేశపు కప్పులు, డ్యూక్‌కి ఐదు, మాకు రెండు, అవి కూడా నేను ఈ దేశం రాకముందువి. వాళ్ళిద్దరూ ఒకళ్ళ గురించి ఒకళ్ళు మాట్లాడుకుంటారు, మమ్మల్ని లెక్కలోకే తీసుకోరు. స్టేట్ మనిషికి ఓటమి కంటే ఎక్కువ నొప్పి అదే. నీ కొత్త స్నేహితులు ఎప్పుడైనా "స్టేట్ మాకు పోటీయే కాదు" అంటారు, వింటావు. ఎదురు చెప్పక్కర్లేదు, వాళ్ళకి మార్చి 16 గుర్తు చేస్తే చాలు.

ఎందుకంటే ఆ వారం అలాంటిది. సీజన్ చివరి నాలుగు ఆటలూ ఓడి, 17 గెలుపులు, 14 ఓటములతో పదో స్థానంలో ఏసీసీ టోర్నమెంట్‌కి వాషింగ్టన్ వెళ్ళారు. మంగళవారం నుంచి శనివారం దాకా ఐదు రోజుల్లో ఐదు గెలవాలి, ఏసీసీలో అంతకుముందు ఎవరూ గెలవలేదు. మంగళవారం లూయీవిల్, బుధవారం సిరాక్యూస్, గురువారం డ్యూక్. శుక్రవారం రాత్రి వర్జీనియాతో సెమీఫైనల్ నువ్వు నిద్రపోయాక అయింది, అది చూడలేదు నువ్వు. మూడు పాయింట్లు వెనక ఉన్నాం, ఐదు సెకన్లు మిగిలాయి, వాళ్ళ కుర్రాడు ఫ్రీ త్రో తప్పాడు. మా మైకేల్ ఓకానెల్ బంతి తీసుకుని పరిగెత్తి పరిగెత్తి మూడు పాయింట్ల లైను బయటి నుంచే విసిరాడు. అది బోర్డుకి తగిలింది, రిమ్ మీద ఆడింది, ఆడుతూనే ఉంది, నేను టీవీ ముందు మోకాళ్ళ మీద కూర్చుని ఉన్నాను, అప్పుడు లోపల పడింది. అరవబోయి నోటికి దిండు అడ్డం పెట్టుకున్నాను, మీరిద్దరూ లేస్తారని. ఓవర్‌టైమ్‌లో 73-65.

డీజే బర్న్స్‌ని చూశావుగా, భారీ మనిషి, ఎడమచేతి వాటం, మొహాన ఎప్పుడూ నవ్వే. వీపు ఆనించి ఒక్కో అడుగూ వెనక్కి జరుగుతూ ఎదుటివాణ్ణి నెట్టుకుపోయి మెత్తగా బంతి వేసేవాడు. డీజే హార్న్ ఇక్కడి పిల్లాడే, రాలీలో పెరిగినవాడు, ఫైనల్లో 29 వేశాడు. మహమ్మద్ డియారా రంజాన్ ఉపవాసంలో ఉండి ఆడాడు. పగలంతా నీళ్ళు కూడా ముట్టకుండా ఆ పరుగు ఎలా పరిగెత్తాడో నాకు ఇప్పటికీ అంతుపట్టదు, మీ నాయనమ్మ ఏకాదశి ఒక్కపొద్దు రోజు మేడ మెట్లు కూడా ఎక్కదు. అక్కడితో ఆగకుండా దేశపు టోర్నమెంట్‌లో నాలుగు గెలిచారు, నాలుగోది మళ్ళీ డ్యూక్ మీదే, 76-64. ఫైనల్ ఫోర్‌లో, అంటే దేశపు సెమీఫైనల్లో, పర్డూ చేతిలో ఓడిపోయారు. ఆ ఓటమికి నాకు ఏడుపు రాలేదు.

శనివారం ఏడ్చింది ఎందుకంటే, ఆఖరి నిమిషంలో నాకు మా పెద్దాయన గుర్తొచ్చారు. ఆయన కుర్చీలోంచి లేవడం గుర్తొచ్చింది. ఆయనకి ఫోన్ చేయాలని చెయ్యి జేబులోకి పోయింది.

ఇంకొకటి చెప్పాలి. వాల్వానో, డ్యూక్ కోచ్ షెషెవ్‌స్కీ, ఇద్దరూ 1980లో ఒకే ఏడాది ఇక్కడికి వచ్చినవాళ్ళు, ఏళ్ళ తరబడి ఒకరి మీద ఒకరు గెలవడానికి కష్టపడినవాళ్ళు. 1992లో వాల్వానోకి క్యాన్సర్ అని తెలిశాక వైద్యం డ్యూక్ ఆసుపత్రిలోనే జరిగింది. ఆ నెలల్లో మంచం పక్కన వచ్చి కూర్చున్నది షెషెవ్‌స్కీ. 1993 ఏప్రిల్‌లో వాల్వానో పోయారు, 47 ఏళ్ళకే. ఆయన పేరున పెట్టిన క్యాన్సర్ పరిశోధన సంస్థ ఆఫీసు మన కేరీలోనే ఉంది. నేను డ్యూక్ ఓడిపోవాలని గట్టిగా అరుస్తాను, షెషెవ్‌స్కీ గురించి మాత్రం ఎవరు తేలిగ్గా మాట్లాడినా ఊరుకోను.

మీ డీన్ స్మిత్ సంగతి కూడా తెలుసుకో. 36 ఏళ్ళు కరోలినా కోచ్. 2015లో ఆయన పోయాక, తన దగ్గర ఆడిన సుమారు 180 మందికి తలా 200 డాలర్ల చెక్కు వచ్చింది, మంచి భోజనం చేయండి అని వీలునామాలో రాసి పెట్టారట. పెద్దపేరు వచ్చినవాడికీ అంతే, బెంచీ మీద కూర్చున్నవాడికీ అంతే. ఆ వార్త చదివిన రోజు ఎర్ర చొక్కాలో ఉండే నేను చాలాసేపు ఏ పనీ చేయలేకపోయాను.

నాకు దిగులు వేరే ఉంది. ఒకప్పుడు ఏసీసీలో ఎనిమిది టీములు, ప్రతివాడూ ప్రతివాడి ఊరికి వెళ్ళి ఆడేవాడు. మేరీల్యాండ్ 2014లో వెళ్ళిపోయింది. 2024 వేసవిలో కాలిఫోర్నియా నుంచి స్టాన్‌ఫర్డ్, బర్క్లీ, టెక్సాస్ నుంచి ఎస్ఎంయూ వచ్చి చేరాయి, మొత్తం 18. పేరు అట్లాంటిక్, రెండు టీములేమో పసిఫిక్ ఒడ్డున. టీవీ డబ్బుల కోసం అంతా ఇలా అయింది, అమెరికన్ ఫుట్‌బాల్ ఎటు లాగితే అటు పోతోంది. వేక్ ఫారెస్ట్‌తో ఏడాదికి రెండుసార్లు ఆడటం ఎప్పుడూ ఉంటుందనుకునేవాళ్ళం, ఇప్పుడు ఆ నమ్మకం లేదు. పక్క ఊరివాడితో ఆట తగ్గించి దాదాపు రెండున్నర వేల మైళ్ళు విమానంలో వెళ్ళి ఆడటం నా మనసుకి ఎక్కడంలేదు. అందుకే మన రెండు కాలేజీల మధ్య ఆట ఉన్నన్నాళ్ళు నువ్వు ఒక్కటి కూడా వదలకు, పరీక్షలుంటే తప్ప.

డ్యూక్‌ని గెలిస్తే మీ పిల్లలంతా ఫ్రాంక్లిన్ వీధిలోకి పరిగెడతారు, నువ్వూ వెళ్ళు, స్నేహితుల చెయ్యి వదలకు, ఫోన్ చార్జింగ్ చూసుకో.

షెడ్యూల్ తేదీలు ఇంకా రాలేదు. రాలీలో ఆటకి నా పక్క సీటు నీది, నీలం చొక్కాతోనే రా, చుట్టుపక్కల వాళ్ళకి నేను చెప్పుకుంటాను. చాపెల్ హిల్‌లో నువ్వు కింద స్టూడెంట్స్‌లో ఉంటావు కాబట్టి నేను పైన ఎక్కడో ఒక సీటు కొనుక్కుంటాను. ఎర్ర చొక్కాతో ఒక్కణ్ణే ఉంటాను, వెతికితే కనపడతాను. మీ అమ్మ గోంగూర పచ్చడి సీసా బట్టల పెట్టెలో పెట్టింది, నూనె కారకముందే తీసెయ్.

నాన్న