టేకాఫ్ చావుకు నింద ర్యాప్ మీదేనా?

సంపాదకుడికి,

ర్యాప్ గాయకుడెవరైనా కాల్పుల్లో పోతే మన పత్రికలు రెండు ముక్కల్లో తేల్చేస్తాయి. ఆ బాపతు పాటలు, ఆ బాపతు చావు అని. అమెరికా ర్యాప్ బృందం మీగోస్‌లోని గాయకుడు టేకాఫ్ విషయంలో అది అన్యాయం.

మీగోస్ నేనుండే జార్జియా రాష్ట్రం గ్విన్నెట్ కౌంటీ కుర్రాళ్లు. క్వేవో, అతని మేనల్లుడు టేకాఫ్, వాళ్లతో కలిసి పెరిగిన ఆఫ్‌సెట్. మామా అల్లుళ్లకు మూడేళ్లే తేడా, ఇద్దర్నీ పెంచింది టేకాఫ్ అమ్మమ్మ. 2013లో ‘వెర్సాచె’తో జనం నోళ్లలో పడ్డారు. 2017 జనవరిలో ‘బ్యాడ్ అండ్ బూజీ’ అమెరికా పాటల జాబితా బిల్‌బోర్డ్ హాట్ 100లో మొదటి స్థానానికెక్కింది. చిత్రమేమంటే అందులో టేకాఫ్‌కు చరణమే లేదు.

వాళ్ల పనితనమంతా నడకలో ఉంది. దెబ్బకు మూడక్షరాలు, అచ్చం మన తకిట తకిట. మధ్యమధ్య వెనకనుంచి ‘స్కర్ట్ స్కర్ట్’ అంటూ కేకలు. మెంఫిస్‌లో త్రీ సిక్స్ మాఫియా అనే ర్యాప్ బృందం వాళ్లు తొంభైల్లోనే ఈ నడకలో పాడారు, కాదనను. కానీ ఊరూరా కుర్రకారు అనుకరించింది వీళ్లనే. ఊపిరి తడబడకుండా దాన్ని నడపడంలో ముగ్గురిలో టేకాఫ్‌దే పైచేయి అని నా లెక్క.

2022లో చీలిక వచ్చింది. మామా అల్లుళ్లు జంటగా పాడసాగారు. సొంత పాటల హక్కుల కోసం ఆఫ్‌సెట్ ఆగస్టులో రికార్డు కంపెనీ మీద కోర్టుకెక్కాడు. అక్టోబర్‌లో జంట ఆల్బమ్ వచ్చింది. నెల తిరక్కుండానే, నవంబర్ 1 తెల్లవారుజామున, హ్యూస్టన్‌లో ఓ బౌలింగ్ కేంద్రం బయట టేకాఫ్ కాల్పులకు బలయ్యాడు. వయసు 28. పాచికలాట దగ్గర మొదలైన తగవులో అతనికి ప్రమేయం లేదని, అతని దగ్గర ఆయుధమూ లేదని పోలీసులే చెప్పారు.

తగవులు ఎక్కడ లేవు? పెళ్లి విడిదిలో పేకాట దగ్గర మనవాళ్లూ చొక్కాలు పట్టుకుంటారు. చేతిలో తుపాకీ లేదు కాబట్టి తెల్లారేసరికి సర్దుకుంటుంది. టెక్సస్‌లో 2021 సెప్టెంబర్ నుంచి లైసెన్సు లేకుండానే చేతితుపాకీ పెట్టుకుని తిరగొచ్చు. మా జార్జియాలో 2022 ఏప్రిల్‌లో అలాంటి చట్టమే తెచ్చారు. ఈ ఒక్క హత్యకు చట్టమే కారణమనను. కానీ గ్యాస్ స్టేషన్లలో పార్ట్‌టైమ్ చేస్తూ కాల్పుల్లో పోయిన మన విద్యార్థుల వార్తలు మీరే వేశారు. వాళ్లేం ర్యాప్ పాడారని?

మేనల్లుడు పోయాక క్వేవో రాకెట్ ఫౌండేషన్ అనే స్వచ్ఛంద సంస్థ పెట్టాడు. 2023లో వాషింగ్టన్ వెళ్లి అప్పటి ఉపాధ్యక్షురాలు కమలా హారిస్‌తో కలిసి తుపాకీ హింస మీద మాట్లాడాడు. మనమేమో ఎన్నికలప్పుడు ఉగాది వేదికలెక్కి దండం పెట్టే అభ్యర్థులను వీసాల గురించి తప్ప మరొకటి అడగం. ఈ చట్టం సంగతీ అడగాలి. మీరు కూడా ఇకపై ప్రవాసుల పేజీలో కాల్పుల వార్త వేసినప్పుడు, ఆ రాష్ట్రంలో తుపాకీ కొనడానికీ వెంట తిప్పడానికీ ఏం కావాలో ఒక్క వాక్యం చేర్చండి.

— ఒక పాఠకుడు, గ్విన్నెట్ కౌంటీ, జార్జియా