సెమినరీ చదువుకు ల్యాప్‌టాపే ముందు

సంపాదకులకు,

సెమినరీలో (క్రైస్తవ వేదాంత కళాశాలలో) చేరబోయేవారు ట్యాబ్లెట్ కొనాలా, ల్యాప్‌టాప్ కొనాలా అని తర్జనభర్జన పడేటప్పుడు ధర, బరువు చూస్తున్నారే గాని అక్కడ చేయవలసిన పనిని చూడటం లేదు. చదవడానికి, వ్యాఖ్యాన గ్రంథం అంచున పెన్నుతో రాసుకోవడానికి ట్యాబ్లెట్ మేలైనదే. రాతపని వేరు. కుడి నుంచి ఎడమకు సాగే హీబ్రూ వాక్యాన్ని, అక్షరాల కిందా పైనా ఉండే అచ్చు గుర్తులతో సహా, ఎడమ నుంచి కుడికి సాగే తెలుగు పేరాలో చేర్చి, దానికి పాదసూచిక రాస్తూ, పక్కనే సెప్టువజింట్ (హీబ్రూ బైబిలుకు ప్రాచీన గ్రీకు అనువాదం) పాఠాన్ని తెరిచి ఉంచుకోవాలంటే పెద్ద తెర, అసలైన కీబోర్డు కావాలి. ఒక్కటే కొనగలిగినవారు ల్యాప్‌టాప్ తీసుకోవడమే మంచిదని నా దృఢాభిప్రాయం. పరీక్షల సాఫ్ట్‌వేర్ ఏ పరికరంలో పనిచేస్తుందో సెమినరీలు ప్రవేశ సమయంలోనే రాతపూర్వకంగా తెలియజేయాలని కోరుతున్నాను.

– ఒక వేదాంత విద్యార్థి